పెద్దమ్మ చదివిన నల్లపిల్లల కథలు

మొన్న విజయనగరంలో పాత పుస్తకాల కొట్లో ఓ వారపత్రిక తెరిచాను. ఆ మగ్గిన కాగితం వాసనకి మా పెద్దమ్మ గొంతు చెవిలో వినిపించినట్టయింది.

మన ఈడువాళ్ళకి గుర్తుండే ఉంటుంది, అప్పట్లో ఒకరు సీరియల్ పైకి చదివితే వీధంతా చుట్టూ చేరి వినేది. సముద్రం ఒడ్డున మా పేటలో చదివేది పెద్దమ్మే. ఎండుచేపల వాసన మధ్య వలలు బాగుచేసుకుంటూ ఆడవాళ్ళు వినేవారు. నేను ఆవిడ ఒళ్ళో ఉండేదాన్ని.

నేను బాగా నలుపు. "దీన్నెవుడు సేసుకుంటాడే" అని నా ముందే అనేవారు. కానీ పెద్దమ్మ చదివే కథల్లో నాయికలందరూ నలుపే. "నేరేడు పండులా నిగనిగలాడే ఆ పిల్లని చూసి రాజు గుర్రం దిగిపోయాడు" అని ఆవిడ చదువుతుంటే, నేను నా చేతులకేసి చూసుకుని మురిసిపోయేదాన్ని.

బళ్ళో కూడబలుక్కుని చదవడం వచ్చాక, ఆ కథే తీసి చూశాను. అందులో "పాలమీగడ లాంటి ఛాయ" అని ఉంది. ఇంకో కథలోనూ అంతే. ఏడుపొచ్చేసింది. ఆ పేజీ పట్టుకుని పెద్దమ్మ దగ్గరికి పరిగెత్తాను.

"ఇందుల తెల్లగా ఉన్నాదని రాసేరు. నువ్వు నల్లగా అని ఎందుకు సదివేవు?"

ఆవిడేమీ తడబడలేదు. నా గడ్డం పట్టుకుని చెప్పింది.

"ఆ రాసినాయన నిన్ను సూడనేదు కదే అమ్మా. సూసుంటే ఇలాగే రాసీవోడు."

అచ్చయిన మాటని అంత ధీమాగా మార్చిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు. ఆవిడ మాట అప్పుడే నమ్మేశాను. ఇప్పటికీ నమ్ముతున్నాను.