కడగని రాళ్లు

జిడ్డంటే నాకు పడదు. స్టవ్ మీద నూనె చుక్క కనిపించినా మా ఇంట్లో పొద్దున్నే తగువు మొదలవుతుంది. అలాంటిదాన్ని, ఒకావిడకి జిడ్డుని అలాగే వదిలేయమని చెప్పాల్సి వచ్చింది. ఆవిడ బతుకుతెరువు ఆ మాట మీద ఆధారపడి ఉంది. తలుచుకుంటే నాకు ఇప్పటికీ కాస్త గుబులుగానే ఉంటుంది.

సింగపూర్‌లో, ఓడరేవు పక్కనున్న తంజోంగ్ పగార్‌లో ఒక చిన్న కంపెనీలో నా ఉద్యోగం. ఓడల నుంచి సముద్రంలోకి చమురు ఒలికితే, ఆ తీరాన్ని ఎలా బాగుచేయాలో సలహా ఇవ్వడం మా పని. మా ఆఫీసు కిటికీలోంచి చూస్తే లంగరు వేసిన ఓడలు వరసగా కనిపిస్తాయి. ఊరి నుంచి వచ్చిన చుట్టాల్ని ఆఫీసుకి తీసుకొస్తే ఆ దృశ్యాన్ని ఫోటోలు తీసుకుంటారు. నాకు మాత్రం వాటిని చూస్తే, మూత సరిగా పెట్టని నూనె డబ్బాలు గుర్తొస్తాయి.

ఆ ఏడాది చలికాలంలో, జపాన్ ఉత్తర తీరాన ఒక సరుకు ఓడ రాళ్లకు కొట్టుకుంది. దాని ఇంధనం పక్కనే ఉన్న ఒక చిన్న ఊరి ఒడ్డుకు చేరింది. ఆ ఊళ్లో ఆడవాళ్లు ఒడ్డు రాళ్ల మీద పెరిగే సముద్రపు నాచును కోసి, ఎండబెట్టి అమ్ముకుంటారు. అక్కడివాళ్లు దాన్ని రోజూ తింటారు. ఏ ఇంటి రాళ్లు ఆ ఇంటివే. నేను చెబుతున్న ఆవిడకు ఆ రాళ్లు వాళ్ల అత్తగారి నుంచి వచ్చాయి. మనకి నగలు వచ్చినట్టు ఆవిడకి రాళ్లు వచ్చాయి.

మా కంపెనీ నుంచి ఇద్దరు అక్కడికి వెళ్లారు. వాళ్లు పంపిన ఫోటోలు చూసి నివేదిక రాయడం నా వంతు. మా వాళ్లందరిదీ వేడి సముద్రాల అనుభవం. ఇక్కడి నీళ్లలో చమురు పలచబడుతుంది, ఎండకి కొంత ఆవిరైపోతుంది, మిగిలినదాన్ని సూక్ష్మజీవులు తినేస్తాయి. అక్కడ అలా కాదు. మన ఊళ్లలో చలికాలం కొబ్బరినూనె సీసాలో పేరుకున్నట్టు, అక్కడి చమురు చిక్కబడిపోయి, నీళ్లు కలుపుకుని ఉబ్బి, రాళ్ల సందుల్లో ముద్దలుగా కూర్చుంది. ఇక్కడి నుంచి పంపిన పీల్చుడు గుడ్డలు దాన్ని పీల్చనే లేదు. సింగపూర్ ఎండలో పరీక్షించి పంపిన గుడ్డలు మరి. వాటిని పంపమన్న మా మేనేజరు పుట్టి బుద్ధెరిగాక చలికాలం చూసినవాడు కాదు.

పరువు పోయిందనుకున్నాడో ఏమో, తర్వాత ఆయన ఉడుకునీళ్ల యంత్రాలు పంపుదామన్నాడు. మరిగే నీళ్లు వడిగా కొడితే రాయి అద్దంలా తయారవుతుంది. ఊరి పెద్దలు కూడా అదే అడిగారు.

"రాళ్లు నల్లగానే ఉంటే మనం శుభ్రం చేశామని ఎవరు నమ్ముతారు?" అన్నాడు మేనేజరు నాతో.

సింగపూర్‌లో పెరిగినవాడికి ఆ ప్రశ్న రావడం సహజమే. ఇక్కడ బీచ్‌లో రాలిన ఆకును కూడా తెల్లారేలోగా ఎత్తేస్తారు. కానీ ఆ వేడికి, ఆ వడికి చమురుతో పాటు రాయిని పట్టుకుని బతికే ప్రాణులన్నీ పోతాయి. చల్లని నీళ్లలో అవి మళ్లీ రావడానికి చాలా కాలం పడుతుంది. అందుకని ముద్దల్ని చేత్తో ఏరి, గుడ్డతో తుడిచి, మిగిలిన మరకని అలలకే వదిలేయమని రాశాను. మేనేజరు ముఖం మాడ్చుకున్నాడు గానీ, నిర్ణయం ఏ రాళ్లకా రాళ్ల సొంతదారులదే అన్నాడు.

ఆ రోజుల్లో వారంలో సగం పుంగ్గోల్‌లోని మా ఫ్లాట్ నుంచే పని చేసేదాన్ని. అక్కడి సొంతదారులతో వీడియోలో మాట్లాడాను, మధ్యలో ఒక దుబాసీ. అందరూ మర్యాదగా విని, మాకు ఉడుకునీళ్లే కావాలన్నారు. చివరికి ఈవిడ మిగిలింది. చలికి కమిలిన బుగ్గలు, తలకి రుమాలు.

"మురికి వదిలేయడం మా ఇంటా వంటా లేదు," అంది.

మా ఇంటా లేదు తల్లీ అనుకున్నాను. ఎలా చెప్పాలో తోచలేదు. అంతకు ముందురోజే మా ఆయన నా దోసెల పెనాన్ని సబ్బు పెట్టి తళతళలాడేలా తోమి పెట్టారు. దాని మీద పోసిన దోసె ఒక్కటీ ఊడి రాలేదు. నేను అరిస్తే, వరంగల్ మనిషి, తాపీగా "జిడ్డు జిడ్డుగ ఉంటే కడిగిన. గండ్ల తప్పేంది?" అన్నారు.

వెళ్లి ఆ పెనాన్ని తెచ్చి కెమెరా ముందు పెట్టాను. నల్లగా ఉన్నన్నాళ్లూ ఇది పనిచేసింది, శుభ్రమయ్యాక చచ్చిపోయిందని చెప్పాను. దుబాసీ ఎలా అనువదించిందో గానీ ఆవిడ ఫక్కున నవ్వింది. వాళ్లింట్లోనూ ఇనుప మూకుడు ఉందట. అప్పుడే మా పాప వచ్చి నా భుజం మీంచి తెరలోకి తొంగిచూసి "హాయ్ ఆంటీ" అంది. ఆవిడ పాపకి చెయ్యి ఊపి, నవ్వు ఆపి నన్ను అడిగింది.

"ఇవి మీ రాళ్లయితే కడిగిస్తారా?"

"కడిగించను," అన్నాను.

ఆవిడ తలవంచి సరేనంది.

గట్టున కూర్చుని కబుర్లు చెప్పడం తేలికే. ఆ వసంతంలో ఫోటోలు వచ్చాయి. ఇరుగుపొరుగు రాళ్లన్నీ కడిగిన ముత్యాల్లా ఉన్నాయి, మధ్యలో ఆవిడవి మాత్రం నల్లటి చారలతో ఉన్నాయి. ఊళ్లో ఆవిడని బద్ధకస్తురాలని ఆడిపోసుకుంటున్నారని దుబాసీ చెప్పింది. నాకు తిండి సహించలేదు. నా మాట తప్పయితే ఆవిడ మూల్యం చెల్లిస్తుంది, నాకేమో జీతం వస్తుంది.

మరుసటి వసంతానికి లెక్క తిరగబడింది. కడిగిన రాళ్లు బోడిగా ఉండిపోయాయి. ఆవిడ రాళ్ల మీద చారలు వెలిసిపోయి, వాటి పక్కనే నాచు చిగురించింది. ఆ ఫోటోని ఆఫీసులో అందరికీ చూపించాను. మేనేజరుకి రెండుసార్లు చూపించాను. ఆ ఆనందం దాచుకునేది కాదు.

ఆ పై ఏడు నాచు కోతకొచ్చింది. ప్రయోగశాలలో పరీక్ష చేస్తే ఏ దోషమూ లేదని తేలింది. ఆ కాగితం నేనే చదివి, నేనే సంతకం పెట్టాను. ఇక అంతా సుఖాంతమే అనుకున్నాను. కానీ వ్యాపారులు ఎవరూ కొనలేదు. కడగని రాళ్ల మీది నాచు ఎవరు తింటారని వెనక్కి తిప్పారు. నాకు ఒళ్లు మండిపోయింది. పరీక్షలు చేశాక ఇంకా ఈ మూర్ఖత్వం ఏమిటని, చదువుకోని మనుషులని, నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను. కోపమంతా వెళ్లగక్కి, ఆవిడకి కబురు పంపాను. నాకు పంపండి, నేను తింటాను అని.

కొన్నాళ్లకి పొట్లం వచ్చింది. కాగితంలో శుభ్రంగా చుట్టిన ఎండు నాచు. నానబెడితే కరివేపాకు పచ్చగా విచ్చుకుని, వంటిల్లంతా సముద్రపు వాసన వేసింది. కొంచెం పప్పులో వేశాను, కొంచెం నువ్వులూ ఎండుమిర్చీ వేసి పోపు పెట్టాను. నేను తిన్నాను, మా ఆయన తిన్నారు. ఆయన రెండోసారి వడ్డించుకున్నారు కూడా.

పాప వచ్చి పళ్లెం వైపు చెయ్యి చాపింది. నా చెయ్యి దానంతటదే పళ్లేన్ని పక్కకి జరిపింది. "నీకు పెరుగన్నం కలుపుతా," అన్నాను.

"అమ్మా, యూ సెడ్ సేఫ్, రైట్?" అంది పాప.

"కారం ఎక్కువైంది, నీకొద్దు," అన్నాను. అందులో కారం లేదు. పాప భుజాలెగరేసి వెళ్లిపోయింది. మా ఆయన ఒకసారి నా వైపు చూశారు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. నేను రచ్చలో గెలిచాను. నేను తిట్టిన వ్యాపారులు ఏ భయంతో నాచుని వెనక్కి తిప్పారో అదే భయం నా చేతిలో ఉందని తెలిసి సిగ్గేసింది.

సాయంత్రం ఆవిడకి రాశాను. నాచు అందింది, మేము తిన్నాం, చాలా బాగుంది అని. అబద్ధమేమీ రాయలేదు. కాసేపటికి దుబాసీ ద్వారా జవాబొచ్చింది. ముందు కృతజ్ఞతలు, తర్వాత ఒకే ప్రశ్న.

"పాప కూడా తిన్నదా?"

ఎత్తిపొడుపు లేదు అందులో. పరీక్ష కాగితం చూపించిన ప్రతివాళ్లూ సరే సరే అని తలూపి, తమ పిల్లలకి మాత్రం పెట్టలేదేమో. ఆవిడకి ఏది అడగాలో తెలిసిపోయింది.

ఫోన్ పక్కన పెట్టి కూర్చున్నాను. నా సంతకాన్ని నేను నమ్ముతున్నానా అని నన్ను నేనే అడిగాను. నమ్ముతున్నాను. అయినా భయం పోలేదు. అది పోయేదాకా ఆగితే ఆవిడ నాచు ఎప్పటికీ అమ్ముడుపోదని అర్థమైంది.

లేచి, మిగిలిన పప్పు వేడి చేసి, అన్నంలో నెయ్యి వేసి కలిపి, పాపని పిలిచాను. నా చేత్తోనే ముద్ద పెట్టాను. పాప నములుతూ ఆలోచించింది.

"కొంచెం సాల్టీ. ఓకే లా," అని మళ్లీ నోరు తెరిచింది.

గిన్నె ఖాళీ అయ్యాక చెయ్యి కడుక్కుని ఫోన్ తీసుకున్నాను. తిన్నదని రాశాను.