ఐజాక్ కూతురు చదివిన నవల

మా కాలేజీలో ఇంగ్లీషు నవలను ఎవరూ చదవరు, నవల మీద గైడు చదువుతారు. ఉరవకొండ బస్టాండు పక్క పుస్తకాల అంగట్లో దొరికే ఆ గైడులో కథ రెండు పేజీలు, పాత్రల గురించి మూడు పేజీలు, పరీక్షకు వచ్చే ప్రశ్నలకు జవాబులు ఉంటాయి. పాఠం చెప్పే నేను కూడా మొదటి రెండేళ్ళు దాన్ని చూసే చెప్పినాను. నేను గెస్ట్ లెక్చరర్ని. మళ్ళీ జూన్‌లో నన్ను తీసుకుంటారో లేదో తెలియకుండా ప్రతి ఎండాకాలం పామిడిలో మా ఇంట్లో కూర్చుని ఫోన్ కోసం చూసేవాణ్ణి. అట్లాంటివాడు పిల్లలతో నవలలు చదివించాలని ఎందుకు తపించాల?

సువార్త మాత్రం చదివింది. నేను చెప్పినందుకు కాదు. బి.ఏ. రెండో సంవత్సరంలో ఉన్నప్పుడు లైబ్రరీకి పోయి, ఉన్న ఒక్క ప్రతినీ తనే అడిగి తీసుకుంది. చెదలు అంచులు తిన్న పుస్తకం. ఆ పిల్లది గవ్వలకొట్టాల, ఉరవకొండకు పన్నెండు కిలోమీటర్లు. షేర్ ఆటోలో వచ్చి పోయేది. వాళ్ళ నాయన ఐజాక్ ఊళ్ళో బయ్యన్న అనే పెద్దరైతు భూమి నాలుగెకరాలు కౌలుకు తీసుకుని వేరుశెనగ వేసేవాడు. అమ్మ నల్లమ్మ తమ చేన్లో పని లేని రోజు కూలికి పోయేది. సువార్త బక్కపలచని పిల్ల. చర్చిలో పాడే అలవాటు వల్ల గొంతు మాత్రం పెద్దది. క్లాసులో ఆఖరి బెంచీలో కూర్చుని మాట్లాడినా అందరికీ వినబడేది.

అది ఎనభై ఏళ్ళ కిందటి నవల. అందులో ఒక దేశం. అక్కడ ప్రతి సాయంత్రం ప్రతి ఇంటి నుంచి ఒక మనిషి పోయి, "ఈ దినం మాకు బాగా గడిచింది" అని అధికారి ముందు సాక్ష్యం చెప్పి రావాల. రొట్టెలు కాల్చి అమ్మే ఒక ఆడమనిషి ఒకనాడు పోయి కూర్చుంటుంది గానీ నోరు తెరవదు. ఆమెను రకరకాలుగా అడుగుతారు, బెదిరిస్తారు. చివరికి నగరం బయటికి తోసేస్తారు. కథ అంతే.

సువార్త దాన్ని చదవడానికి నలభై రోజులు పట్టింది. ఆటోలో, చేను గట్టు మీద, క్లాసు లేని పీరియడ్లో, ఫోన్లో ఒక్కో మాటకు అర్థం వెతుక్కుంటూ చదివింది. మధ్యమధ్యలో స్టాఫ్ రూముకు వచ్చి నిలబడేది. మొదటిసారి వచ్చినప్పుడు ఏదో అర్థం కాక వచ్చిందనుకున్నాను. కాదు, పుస్తకం మీద కోపంతో వచ్చింది.

"ఈయప్ప రాసిన ఊళ్ళో ఎవరికీ ఆకలి కాదు సార్, ఒట్టి భయమే అవుతాది. మనిషి భయపడితే వంట మానేస్తాడా? మా అమ్మ ఎంత భయంలో ఉన్నా పొద్దు గుంకేసరికి సంగటి కెలుకుతాది."

నాకు నవ్వు వచ్చింది. రచయిత ఉద్దేశం వేరని ఏదో చెప్పినాను. ఆమె వినలేదు.

పుస్తకం పూర్తయిన రోజు మళ్ళీ వచ్చింది.

"చివర్లో ఆమెను ఊరు వదిలి పొమ్మంటారు కదా సార్. అదే పెద్ద శిక్ష అన్నట్టు రాసినాడు. మా ఊళ్ళో ఏటా సగం మంది పోతాండారు. దాన్ని శిక్ష అని ఎవరూ అనరు, బతుకుదెరువు అంటారు."

ఈసారి నవ్వు రాలేదు. ఆ రాత్రి గైడు పక్కన పెట్టి, ఆమె తిరిగిచ్చిన నవలను నేనూ తీసినాను. నేను ఎం.ఏ. చదివినోణ్ణి. అయినా దాన్ని మొదటి పేజీ నుంచి చివరి దాకా చదవడం అదే మొదటిసారి.

ఇంటర్నల్ మార్కులకు ఒక వ్యాసం రాయించాల. "ఈ నవల చదివినాక నీకు కలిగిన ఆలోచనలు" అని ఇచ్చినాను. నలభై నాలుగు మంది ఇచ్చినారు. నలభై మూడు వ్యాసాలు ఒకే వాక్యంతో మొదలైనాయి, అది గైడులో వాక్యం. సువార్త పదకొండు పేజీలు రాసింది. మొదటి మూడు పేజీలు ఇంగ్లీషులో రాసి, తర్వాత "ఇంక నాకు ఇంగ్లీషులో రాదు సార్" అని ఒక లైను పెట్టి, మిగతాది తెలుగులో రాసింది. ఆ తెలుగులో ఒక చోటు నాకు ఇప్పటికీ కంఠతా ఉంది.

"జూలైలో వాన పడి భూమి పదునైంది. మా నాయన గొర్రు తోలి విత్తనం వేసినాడు. అమ్మా నేనూ కలుపు తీసినాం. వేరుశెనగకు ఊడలు దిగే పొద్దుకు వాన మొగం చాటేసింది. నలభై దినాలు మబ్బు వచ్చింది, పోయింది. చెట్టు పీకితే రెండు కాయలు, వొలిస్తే పప్పు లేదు. పంట నష్టం రాసుకునేవాళ్ళు ఊరికి వచ్చినారు. చేను కాడికి రాలేదు. భూమి ఆసామి ఇంటి వరండాలో కూర్చుని రాసినారు. పరిహారం ఆసామికే వచ్చేటట్టు, పంట పెట్టింది ఆసామే అని రాసుకుని, ఈ భూమిని నేను కౌలుకు చేయలేదు అని మా నాయన దగ్గర కాగితం తీసుకున్నారు. నవలలో ఆమె పక్కన ఇద్దరు సిపాయిలు నిలబడతారు. మా నాయన పక్కన ఎవరూ నిలబడలేదు. టీ ఇచ్చినారు. టీ తాగి సంతకం పెట్టి వచ్చినాడు. అది నేను ఐదో తరగతిలో ఉన్నప్పుడు పలక మీద దిద్దించి నేర్పిన సంతకం. నవలలో ఆమె అబద్ధం చెప్పలేదు కాబట్టి అది కథ అయింది. మా నాయన చెప్పినాడు కాబట్టి ఎవరికీ తెలియలేదు."

అది చదివి నాకు దయో బాధో కలిగిందంటే అబద్ధం అవుతుంది. నా క్లాసులో పిల్ల ఇట్లా రాసింది కదా అని నాకు గర్వం కలిగింది. ఆ గర్వంతోనే, ఫిబ్రవరిలో కాలేజీ వార్షికోత్సవానికి ఆ తెలుగు భాగం చదవమని ఆమెకు చెప్పినాను. ప్రిన్సిపాల్ "ఏం చదువుతాది?" అని అడిగితే "సిలబస్‌లో నవల మీద సార్" అన్నాను. ఆయన తల ఊపినాడు.

బయ్యన్న మా కాలేజీ కమిటీలో మెంబరని నాకు తెలుసు. వ్యాసంలో ఉన్న ఆసామి ఆయనే అని అప్పటికి తెలియదు. ఆసామి పేరు ఆమె రాయలేదు, నేను అడగలేదు.

ఆ పొద్దు షామియానా కింద నాలుగు వందల మంది ఉన్నారు. బయ్యన్న ముందు వరసలో, సోఫాలో కూర్చున్నాడు. సువార్త మైకు అక్కర్లేని ఆ గొంతుతో, ఎక్కడా ఆగకుండా చదివింది. టీ తాగి సంతకం పెట్టిన చోటికి వచ్చేసరికి వెనక నిలబడిన గవ్వలకొట్టాల పిల్లలు ఒకరి మొగం ఒకరు చూసుకుని, ముందు వరసలో బయ్యన్న వైపు చూసినారు. అప్పుడు అర్థమైంది నాకు.

బయ్యన్న కోప్పడలేదు. అందరికంటే ముందు చప్పట్లు కొట్టినాడు. బహుమతి ఇచ్చేటప్పుడు ఆమె తల మీద చెయ్యి పెట్టి, "బాగా రాసినావు పాపా. ఎవరి బిడ్డవు?" అని అడిగినాడు.

"ఐజాక్ బిడ్డను."

"మన ఐజాకేనా? మంచిది, మంచిది" అన్నాడు.

కార్యక్రమం అయినాక నేను ఆమెను పక్కకు పిలిచినాను. "ఆయన వస్తాడని నీకు తెలుసా?"

"తెలుసు సార్. ఇన్విటేషన్ కార్డు మీద పేరు చూసినా."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పింటే మీరు చదవనిచ్చేవాళ్ళా?"



పది రోజులకు బయ్యన్న ఐజాక్‌ను పిలిపించినాడు. ఈసారి భూమి రామాంజికి ఇస్తాండా, నువ్వు వేరే చూసుకో అన్నాడు. అరవలేదు, తిట్టలేదు. వ్యాసం మాటే ఎత్తలేదట. పదమూడేళ్ళుగా ఆ నాలుగెకరాలు చేసిన మనిషి ఇంటికి వచ్చి ఆ పూట అన్నం తినలేదని సువార్త తర్వాత చెప్పింది.

ఆ మరుసటి వారం ఐజాక్ కాలేజీకి వచ్చినాడు. గేటు దగ్గర రిజిస్టర్లో పేరు రాయమంటే వేలిముద్ర వేసినాడు. అటెండరు గంగప్ప ఆయనకు తెలిసినవాడే. "ఏమప్పా, నీకు సంతకం వచ్చు కదా?" అంటే, "మర్చిపోయినా" అన్నాడు. నా ముందుకు వచ్చి, కూర్చోమంటే కూర్చోలేదు.

"సార్, ఆ కాగితంలో ఏముండాదో నాకు తెలియదనుకున్నారా?"

"అట్లా కాదు ఐజాక్..."

"తెలిసే పెట్టినా. పెట్టకపోతే భూమి ఇయ్యడు. పెట్టింది నా బిడ్డకు తెలియదనుకున్యా. తెలుసంట. తెలిసినా ఇంట్లో ఒక్క మాట అనలే. నాలుగు వందల మందిలో చదివింది. భూమి పోయినందుకు కాదు సార్. కూలికి పోయి బతుకుతాం. ఇప్పుడు నేను చర్చికి యా మొగం పెట్టుకోని పోవాల? మీరు ఇంగ్లీషు చెప్తాండారని పంపినా. నా బండారం చదివించేదానికా?"

నేను "క్షమించు" అన్నాను. అది ఆయనకు పనికి వచ్చే మాట కాదు. చెప్పులేసుకుని వెళ్ళిపోయినాడు.

ఏప్రిల్‌లో ప్రిన్సిపాల్ నన్ను పిలిచినాడు. "రాఘవేంద్రా, ఆ వ్యాసం నువ్వు రాసిచ్చినావా?"

ఒక్క క్షణమే ఆలోచించినాను. జూన్ దగ్గర పడుతోంది. "లేదు సార్, ఆ పిల్ల సొంతంగా రాసుకొచ్చింది" అన్నాను. మాట వరకు అది నిజమే. కానీ నేను దాన్ని నిజం కాబట్టి చెప్పలేదు, తప్పించుకోవడానికి చెప్పినాను.

"అయితే ఒక పని చెయ్. అదంతా నవల చదివి ఊహించి రాసింది, మా ఊరికీ మా ఇంటికీ సంబంధం లేదు అని ఆ పిల్ల దగ్గర ఒక లెటర్ తీసుకో. ఇంగ్లీషులో ఉండనీ, ఫైలుకు. బయ్యన్న చెడ్డోడు కాదు. లెటర్ చూస్తే భూమి సంగతి మళ్ళా ఆలోచిస్తాడు."

లెటర్ నేనే రాసినాను. ఏడు వాక్యాలు. సువార్తను పిలిచి చేతికిచ్చినాను. ఆమె నిలబడే చదివింది, రెండుసార్లు.

"దీనితో మా నాయనకు భూమి వస్తాదా సార్?"

"వస్తాదనే చెప్పినారు."

"మీరేమంటారు?"

"నాకు తెలియదు సువార్తా."

ఆమె పెన్ను అడిగి తీసుకుంది. నాలుగో వాక్యంలో నేను ఒక క్రియాపదం తప్పు రాసినాను. కర్త ఏకవచనం, క్రియ బహువచనం. దాన్ని కొట్టేసి పైన సరైనది రాసి, కింద పేరు రాసి ఇచ్చింది. మొగంలో వెటకారం లేదు. తప్పు కనబడింది, దిద్దింది, అంతే. ఇరవై ఏళ్ళు ఇంగ్లీషు చదివిన నేను ఆమెతో "థాంక్స్" అన్నాను. ఇంతకంటే సిగ్గుచేటు మాట నా జన్మలో అనలేదు.

భూమి రాలేదు. అప్పటికే రామాంజి ఎరువు తోలించుకున్నాడు. లెటర్‌ను బయ్యన్నకు చూపించినారో లేదో కూడా నాకు తెలియదు. మే నెల రెండో వారంలో ఐజాక్ కుటుంబం ఇంటికి తాళం వేసి బెంగళూరు పోయింది. ఐజాక్, నల్లమ్మ కట్టడం పనిలో చేరినారు. సువార్త గార్మెంట్స్‌లో చేరింది. చొక్కా కాలర్లు కుట్టే వరసలో మొదట, తర్వాత కుట్టినవి సరిచూసే చోట. జూన్‌లో నన్ను మళ్ళీ తీసుకున్నారు.

ఆగస్టులో ఆమె నంబరు సంపాదించి ఫోన్ చేసినాను. వెనక మిషన్ల రొద.

"ఐదో సెమిస్టరు పరీక్షలు నవంబర్లో ఉన్నాయి. ఫీజు నేను కడతా. వచ్చి రాయి. డిగ్రీ పోగొట్టుకోవద్దు."

"కట్టండి సార్, వస్తా" అంది. ఇంత సులభంగా ఒప్పుకుంటుందని అనుకోలేదు.

"నాయన ఎట్లా ఉన్నాడు?"

"ఉన్నాడు సార్. ఒకే గదిలో ఉంటాం. నాకేమన్నా చెప్పాలంటే అమ్మకు చెప్తాడు. అమ్మ నాకు చెప్తాది. అమ్మ లేకుంటే గోడకు చెప్తాడు." నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. "నేను రాసింది అబద్ధం కాదు కదా సార్?"

"కాదు."

"మరి నాయన ముందర ఆ మాట అనలేకపోతాండా. లెటర్‌లో కాదని రాసిచ్చినా కదా. ఏ నోటితో అనాల?"

సూపర్‌వైజరు ఎవరో కన్నడంలో గట్టిగా పిలిచినారు. ఫోన్ పెట్టేసింది.

ఫీజు కట్టినాను. హాల్ టికెట్ వచ్చింది, ఫోటో తీసి వాట్సాప్‌లో పంపినాను. చూసినట్టు నీలం గీతలు పడినాయి గానీ జవాబు లేదు. నవంబర్‌లో పరీక్షలు మా కాలేజీలోనే జరిగినాయి. ఆమె నంబరు పడిన గదికి ఇన్విజిలేటర్‌గా నన్ను వేసినారు. మొదటి రోజు తొమ్మిదిన్నర దాకా గేటు దగ్గరే నిలబడినాను. బెంగళూరు బస్సులన్నీ అప్పటికి వచ్చేసి ఉంటాయి. గంగప్ప గంట కొట్టినాడు. కిటికీ పక్క బెంచీ ఖాళీగా ఉంది. హాజరు షీటులో ఆమె నంబరు ఎదుట ఎర్ర ఇంకుతో ఆబ్సెంట్ అని రాసినాను. మిగతా ఐదు పేపర్లకూ ఆ గదిలో నాదే డ్యూటీ.