‘మళ్లీ అడగవద్దు’ అని టిక్కు పెట్టినవాణ్ణి

గిద్దలూరులో మా ఫోటో స్టూడియోను ఇప్పుడు చిన్నకూతురు చూసుకుంటోంది. పెళ్లిఫోటోలు విజయవాడ ల్యాబుకు పంపే ఉచిత సాఫ్ట్‌వేరుకు మొన్న కొత్త వెర్షన్ వచ్చిందని, అందులో మార్చినవన్నీ నాకు చదివి వినిపించింది. నెట్ తెగిపోతే ఆగినచోటి నుంచే మళ్లీ పంపుతుందట, తెలుగు పేర్లు గళ్లుగళ్లుగా మారిపోవట. ఇంకొకటి కూడా ఉంది. పాత ఫైలు మీద అదే పేరున్న కొత్తది పడబోతే ముందు మనల్ని అడుగుతుంది గదా, అక్కడ ‘మళ్లీ అడగవద్దు’ అని టిక్కు పెడితే ఇకమీదట ఆ ఒక్కసారికే చెల్లుతుందట. అది వినగానే ఏదో పనున్నట్టు లేచి వీధిలోకి వచ్చినాను.

ఆ సాఫ్ట్‌వేరును ఈ పడమటి ప్రాంతానికి తెచ్చిందే నేనని, మార్కాపురం స్టూడియోలవాళ్లంతా నా శిష్యులేనని ఇన్నాళ్లూ చెప్పుకున్నాను. అంతా కోతలే. ల్యాబు మనిషి వచ్చి ఎక్కించిపోయినాడు, నాకు తెలిసింది ఏ మీట నొక్కాలో అంతే. మన వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది, అంతకుముందు సీడీలు కవర్లో పెట్టి బస్సు డ్రైవరు చేతికిచ్చి, చేరినట్టు ఫోనొచ్చేదాకా ప్రాణం అరచేతిలో పెట్టుకుని కూర్చునేవాళ్లం. అట్లాంటిది కుర్చీలోంచి లేవకుండా పంపుతున్నానన్న గొప్పలో పడి, ఈ మిషను నన్ను అడిగేదేందని విసుక్కుని, ఆ టిక్కు పెట్టేసినాను.

మా దగ్గర ప్రతి పెళ్లి ఫోల్డరుకూ ఊరి పేరే పెట్టేవాళ్లం. ఒక ముహూర్తానికి రాచర్లలో రెండు పెళ్లిళ్లు పడినాయి. ఒకటి నేను తీసినాను, ఇంకొకటి మా బామ్మర్ది తీసినాడు. నావి ముందు పంపి, చోటు చాలక కెమెరా కార్డు, కంప్యూటరు రెండూ ఖాళీ చేసినాను. మర్నాడు బామ్మర్దివి కూడా ‘రాచర్ల పెళ్లి’ అనే పంపినాను. రెండు కెమెరాల్లోనూ ఫోటోల నంబర్లు ఒకటి నుంచే మొదలు. మిషను అడగకుండానే ల్యాబులో పాతవాటి మీద కొత్తవి పడి, నేను తీసిన పెళ్లంతా తుడిచిపెట్టుకుపోయింది.

ఆ పెళ్లికూతురి నాయన గొర్రెలు మేపుకునే మనిషి. ఆయన తల్లి, అంటే ఆ పిల్ల జేజి, కెమెరా చూస్తే లోపలికి పోయే మనిషి. ఓటుకార్డులో ఆమెది మొహం కాదు, నల్లటి మచ్చ. నేను బతిమాలితే మనవరాలి పక్కన కూర్చుని నవ్వింది. ఆల్బం రాకముందే ఆమె కాలం చేసింది. ఆ ఒక్క ఫోటో పెద్దది చేసిమ్మని ఆయన వచ్చినాడు. నేను తడుముకోకుండా, ఊరికే దొరికిన సాఫ్ట్‌వేరు గదా, దాంట్లోనే లోపముంది, మింగేసిందని చెప్పినాను. ఆయన కంప్యూటరు వైపు చూసినాడు.

“మిషను చేసినదానికి నువ్వేం చేస్తావులే అన్నా” అని నా భుజం తట్టి పోయినాడు. తిట్టివుంటే బాగుండేది.

పైసా తీసుకోకుండా ఆ సాఫ్ట్‌వేరు రాసేవాళ్లు తమ తప్పుల్ని తామే వరసగా చెప్పుకుని దిద్దుకుంటున్నారు. నేను నా తప్పును వాళ్ల నెత్తిన వేసి ఊరంతా చాటినాను.

పోయిన నెల రాచర్లలో ఆ పెళ్లికూతురు కనపడి ఇంటికి పిలిచింది. ఆమె ఫోను నిండా పిల్లల ఫోటోలే. ఈ రోజుల్లో పోయినవాళ్ల మొహం ఎవరూ మాటల్లో చెప్పరు, ఫోను తీసి చూపిస్తారు. ఆ ఇంట్లో మాత్రం జేజిని ఇంకా మాటల్లోనే చెప్పుకుంటున్నారు: ముక్కు నాదే, నుదురు నాయనది, అని.

“నవ్వితే ఎట్లుండేదో గుర్తుకు రావడంలేదు పెదనాయనా” అనింది.

నాకు గుర్తుంది. పళ్లు లేని నోటికి కొంగు అడ్డం పెట్టుకుందని, కళ్లు మూసుకుపోయినాయని చెప్పినాను. పిల్లలు కూడా దగ్గరికొచ్చి విన్నారు. ఆ ఫోటోను పోగొట్టింది మిషను కాదు, నేనేనని మాత్రం అక్కడ చెప్పలేకపోయినాను.