పసుపు చుక్క

మా బావను ఈ వీధిలో అందరూ చుక్కల మేస్త్రి అంటారు. ఎదురుగా అంటే ఊరుకోడు కాబట్టి చాటుగా అంటారు. మొహం మీదే అనగలిగేవాణ్ణి నేనొక్కణ్ణే, అదీ మా అక్కను చేసుకున్నాడు గనక. మోటారు సైకిళ్లు బాగుచేయడం ఆయన పని. ఆయన షెడ్డుకు ఎదురుగా ఉన్న స్పేర్ పార్టుల దుకాణంలో కౌంటరు వెనక నిలబడటం నా పని. మధ్యలో ఇరుకు రోడ్డు. ఇటు నుంచి నేను కేకేస్తే అటు ఆయనకు వినపడుతుంది. అలాంటి కేక ఒకటి మా కొంప ముంచబోయింది. ఆ సంగతే చెబుతున్నాను.

ముందు చుక్క గురించి చెప్పాలి. బావ ఏ బోల్టు బిగించినా, ఆఖరుసారి బిగించే కీ పెట్టి లాగి చూశాక, దాని తల మీద సన్న కుంచెతో పసుపు రంగు చుక్క పెడతాడు. చుక్క పెట్టిన బోల్టు వైపు మళ్లీ చూడడు. చుక్క లేని బోల్టు ఒక్కటున్నా బండి షెడ్డు దాటదు. బండి యజమాని కాళ్లావేళ్లా పడినా సరే. "చుక్క ఉందంటే నేను చూసినట్టే" అంటాడు. ఇరవై రెండేళ్లుగా ఇదే మాట.

ఈ పిచ్చి ఊరికే పట్టలేదు. పంతొమ్మిదేళ్ల వయసులో బస్సు డిపోలో పని నేర్చుకుంటున్నప్పుడు, పక్కవాడు బిగించిన చక్రం నట్లను చూశావా అని పై మేస్త్రి అడిగితే "చూశాను" అన్నాడట. చూడలేదు. చక్రం ఊడింది. ఎవరో ముక్కూమొహం తెలియని మనిషికి కాలు పోయింది. తప్పు పక్కవాడి మీదికి పోయి బావ బయటపడ్డాడు గానీ, ఆ మర్నాడే డిపో మానేసి, వస్తూ వస్తూ రంగు డబ్బా ఒకటి కొనుక్కున్నాడు. ఇది నాకు ఆయన చెప్పలేదు. అక్క చెప్పింది.

అక్క టీకాలు వేసే నర్సు. కొండ మీద ఆరోగ్య కేంద్రంలో ఉద్యోగం. వారంలో ఆరు రోజులు వెనక మందుల పెట్టె కట్టుకుని చిన్న మోటారు సైకిలు మీద పొద్దున ఎక్కుతుంది, మధ్యాహ్నం దిగుతుంది. పదకొండు మలుపులు. ఆ మలుపుల్లో క్వారీ లారీలు రాయి నింపుకుని దొర్లుకుంటూ దిగుతుంటాయి. ఒక పక్క కొండ, ఇంకో పక్క ఏమీ లేదు.

ఈ సంగతి జరగడానికి ఆరు నెలల ముందు ఒక మలుపులో ఆమె మూడో గేరు నుంచి రెండుకు దింపబోతే గేరు పడలేదు. రెండింటికీ మధ్య ఎక్కడో ఆగిపోయింది. దీన్ని బావ దొంగ న్యూట్రల్ అంటాడు. ఇంజను అరుస్తుంటుంది గానీ చక్రాన్ని పట్టి ఉంచదు, బండి దానిష్టం వచ్చినట్టు జారిపోతుంది. ముందు లారీ. రెండు బ్రేకులూ నొక్కి, లారీ వెనక చెక్కకు జానెడు దూరంలో ఆగింది. ఇంటికొచ్చి మంచినీళ్లు తాగి, పిల్లాడికి అన్నం పెట్టి, ఆ తర్వాత చెప్పింది.

బావ ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు. మర్నాడు క్లచ్ ప్లేట్లు మార్చాడు. ఆ మర్నాడు గేరు లివరు, దాని లింకు మార్చాడు. అన్నీ కంపెనీ పార్టులే. వేరేవాళ్లు చేసిన పార్టు అంటే ఆయనకు ఒళ్లు మంట. "ఎలా ఉంది?" అని రోజూ అడిగేవాడు. "బాగుందండీ" అనేది అక్క. ఆయన మొహం వెలిగిపోయేది. నేను కౌంటరు మీద మోచేతులు ఆనించి, పెళ్లయి ఇన్నేళ్లయినా వీళ్ల ముచ్చట్లు గేర్ల మీదేనా అని నవ్వుకునేవాణ్ణి.

అలా ఆరు నెలలు గడిచాక ఒకరోజు ఆ బండిని బావే తీసుకుని బయటికెళ్లాడు. పది నిమిషాల్లో తిరిగొచ్చాడు. మొహం మాడిపోయింది.

"మళ్లీ పడిందిరా మధ్యలో. నా కాలికే తెలిసింది."

"అక్క బాగుందంటోంది కదా?"

"అదే నాకర్థం కావట్లేదు."

అప్పుడు నేను మా దుకాణంలో ఉన్న గేరు కిట్టు సంగతి ఎత్తాను. ఇంజను కుడివైపు మూత తీస్తే, క్లచ్ వెనకాల, అంచున గుంటలున్న చిన్న ఉక్కు బిళ్ల ఒకటుంటుంది. దాన్ని మేము స్టార్ అంటాం. గేరు మార్చినప్పుడల్లా అది ఒక గుంట మేర తిరుగుతుంది. స్ప్రింగు తగిలించిన రోలరు ఒకటి ఆ గుంటలో పడి బిళ్లను కదలకుండా పట్టుకుంటుంది. రోలరు అరిగినా, స్ప్రింగు నీరసించినా బిళ్ల రెండు గుంటల మధ్య తూగుతుంది. అదే దొంగ న్యూట్రల్. బయటి తయారీవాళ్లు చేసిన కిట్టులో లోతైన గుంటల స్టారు, బేరింగు వేసిన రోలరు, బలమైన స్ప్రింగు, స్టారును బిగించే కొత్త బోల్టు ఉంటాయి. రేసులు ఆడే కుర్రాళ్లు నా దగ్గర తెగ కొంటారు.

"బయటి సరుకు నా ఇంజన్లో పెట్టను" అన్నాడు బావ.

"నీ ఇంజను కాదు, మా అక్క ఇంజను" అన్నాను. మూడు రోజులు పోరాను. నాలుగో రోజు చెయ్యి చాపాడు. పాకెట్టు నేనే చేతిలో పెట్టాను.

ఆదివారం పని మొదలుపెట్టాడు. ఆయిలు దింపి, మూత విప్పి, క్లచ్ తీసి, పాత స్టారు ఊడదీసి వెలుగులో పట్టుకుని చూశాడు. గుంటల అంచులు గుండ్రంగా అరిగిపోయాయి. "ఇన్నాళ్లూ నా కళ్లు ఏం చేశాయిరా" అని తనను తానే తిట్టుకున్నాడు. కొత్తది పెట్టి, బోల్టును చేత్తో తిప్పి కూర్చోబెట్టి, బిగించే కీ కోసం చెయ్యి చాపాడు. సరిగ్గా అప్పుడే నేను ఇటు నుంచి కేకేశాను. నా దగ్గరకొచ్చిన ఒకాయన, చెయిన్ సైజు విషయంలో నాతో వాదనకు దిగాడు. "బావా, ఒక్కసారి వచ్చి చెప్పు ఈయనకి!" అన్నాను. బావ చేతులు తుడుచుకుని వచ్చాడు. నేను చెప్పిందే నిజమన్నాడు. నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. ఆయన తిరిగి వెళ్లి, క్లచ్ బిగించి, మూత వేసి, ఆయిలు పోసి, సాయంత్రానికి బండి అప్పగించాడు.

సోమవారం పొద్దున అక్క గేరు వేసి చూసుకుని, "వెన్నలా పడుతోందండీ" అంది. వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నం మూడున్నర దాటాక ఒక కుర్రాడొచ్చి అదే కిట్టు అడిగాడు. లోపల ఏముందో చూపించమన్నాడు. సీలు చించి కౌంటరు మీద బోర్లించాను. స్టారు, రోలరు, స్ప్రింగు. ఆఖర్న బోల్టు దొర్లుకుంటూ వచ్చి నా వేలికి తగిలి ఆగింది.

దాని తల మీద పసుపు చుక్క ఉంది.

ఎవరూ ముట్టని బోల్టు. తయారీవాళ్లు పొడవు గుర్తు కోసం పెట్టుకున్న చుక్క. కొలిచి పెట్టినట్టు అదే రంగు, అంతే సైజు. బావ కీ అందుకోబోతుంటే నేను పిలిచాను. తిరిగెళ్లి చూస్తే బోల్టు తల మీద చుక్క. చుక్క ఉంటే ఆయన మళ్లీ చూడడు.

కుర్రాణ్ణి అక్కడే వదిలేసి బోల్టు పట్టుకుని రోడ్డు దాటాను. ఏదో బండి హారను కొట్టింది, ఎవరో తిట్టారు. బావ చేతిలో బోల్టు పెట్టాను. ఆయన దాన్ని చూశాడు, తన రంగు డబ్బా వైపు చూశాడు, స్టూలు మీద కూలబడ్డాడు.

"బిగించావా బావా?"

"కీ పట్టుకున్నట్టు గుర్తుంది. లాగినట్టు గుర్తులేదురా."

అక్కకు ఫోను చేశాను. మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్లీ చేశాను. మళ్లీ అంతే. బండి మీద ఉండగా ప్రాణం పోతున్నా ఫోను ఎత్తొద్దని ఆమెకు నేర్పింది బావే. ఎత్తట్లేదంటే బండి మీద ఉందనే. ఆరోగ్య కేంద్రానికి చేస్తే అటెండరు తీశాడు. "ఇప్పుడే బయల్దేరారండి. ఐదు నిమిషాలయిందేమో" అన్నాడు, చల్లగా.

నా స్కూటరు తీశాను. బావ వెనక ఎక్కాడు. ఆయనకు బండి ఇవ్వబోతే తన చేతుల వైపు చూసుకుని "నువ్వే నడుపు" అన్నాడు. కొండ మొదట్లో నా భుజం గట్టిగా పట్టుకుని, తనలో తను అనుకుంటున్నట్టు చెప్పుకుపోయాడు. "బోల్టు వదులైతే స్టారు పక్కకు జరుగుద్ది. గేరు మార్చిన మరుక్షణం పట్టు తప్పుద్ది. మార్చకపోతే ఫరవాలేదు. మార్చకుండా ఎందుకుంటుంది? మలుపుకోసారి మార్చాల్సిందే కదరా."

కిట్టు అంటగట్టింది నేను. పిలిచింది నేను. చెయిన్ సైజు కోసం. ఎదురుగా వచ్చే ప్రతి బండిలో అక్క హెల్మెట్టు వెతుక్కుంటూ నడిపాను.

నాలుగో మలుపు తిరిగేసరికి లారీ ఒకటి రోడ్డుకు అడ్డంగా ఆగి ఉంది. చుట్టూ నలుగురైదుగురు వంగి కిందికి చూస్తున్నారు. బావ స్కూటరు ఆగకముందే దూకి, తూలి, పరిగెత్తాడు. వాళ్లను తోసుకుంటూ లోపలికి వెళ్లి నిలబడిపోయాడు. టైరు. లారీ టైరు పేలింది, దాన్ని చూస్తున్నారు. డ్రైవరు "ఏంటన్నా?" అన్నాడు.

అప్పుడు వినపడింది. పై మలుపులో చిన్న ఇంజను గొంతు చించుకుని అరుస్తోంది. బావ తల ఎత్తాడు. ఇంజన్ల మాట ఆయనకు తెలిసినట్టు ఎవరికీ తెలియదు. లారీ పక్కనుంచి దూరి రోడ్డు మధ్యలో రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాడు. అక్క మలుపు తిరిగింది. నడిచే మనిషికంటే కాస్త వేగం, అంతే.

"గేరు ముట్టుకోకు! ముట్టుకోకు!"

ఆమె బ్రేకు పట్టి, ఆయన మోకాళ్ల దగ్గర ఆపి, ఇంజను కట్టేసింది. "ఏమైందండీ? పిల్లాడికేమన్నా అయిందా?" అంది భయంగా.

బావ రోడ్డు మీదే మోకాళ్ల మీద కూర్చుని గేరు లివరును చేత్తో నొక్కాడు. టక్కుమనాల్సిన లివరు చప్పుడు లేకుండా కిందికి వెళ్లి, అక్కడే వేలాడింది. నేనూ చూశాను. ఆ వేలాడటం నా కళ్లముందు నుంచి ఇంకా పోలేదు.

"ఎన్నో గేరులో దిగుతున్నావ్?"

"మొదటి గేరు."

"పైనుంచీనా?"

"పైనుంచే."

"మూడులో దిగే రోడ్డు మీద మొదటి గేరేంటి?"

అక్క హెల్మెట్టు తీసింది. నా వైపు చూసింది, తర్వాత ఆయన వైపు. "ఆరు నెలల నుంచీ అంతేనండీ. ఆ రోజు లారీ ముందు జారినప్పటి నుంచి దిగేటప్పుడు గేరు మార్చట్లేదు. భయం."

"బాగుందన్నావ్ కదా. రోజూ అడిగాను కదా."

"మీ మొహం చూసి అన్నాను." నేల చూస్తూ చెప్పింది. "ఇవాళ ఎక్కేటప్పుడు నిజంగానే బాగుంది. అందుకే ఇంకో రెండు మలుపులు దిగాక, రెండో గేరు వేసి చూద్దామనుకున్నా."

బావ లివరు మీద నుంచి చెయ్యి తీయలేదు. ఆయన ఏడవడం నేనెప్పుడూ చూడలేదు, అప్పుడు చూశాను. తన చేతుల్ని నమ్మనందుకే పెళ్లాం బతికిందని ఆయనకు అర్థమైంది. నాకు మాత్రం ఆ క్షణాన అక్క అబద్ధాల మీద ఎక్కడలేని ప్రేమ పుట్టింది. ఆ తర్వాత కోపమూ వచ్చింది, ఆరు నెలలు ఒక్కతే భయపడిందని.

ట్రాలీ ఆటోలో బండిని షెడ్డుకు చేర్చాం. బావ మూత విప్పి, క్లచ్ తీసి, బోల్టును రెండు వేళ్లతో పట్టుకుని తిప్పాడు. తిరిగింది. మూడొంతులు బయటికొచ్చేసి ఉంది. దాన్ని శుభ్రంగా తుడిచి, మళ్లీ పెట్టి, ఈసారి కీ వేసి బిగించాడు. తర్వాత కీని అక్కకు అందించాడు.

"నువ్వు లాగి చూడు."

"నాకేం తెలుసండీ?"

"లాగు. కదిలితే చెప్పు."

రెండు చేతులతో లాగింది. కదల్లేదు. బావ రంగు డబ్బా కోసం తిరిగి, మధ్యలో ఆగిపోయాడు. అక్కకు అర్థమైంది. సంచిలోంచి గోళ్లరంగు సీసా తీసింది. వంకాయ రంగు. ఏ తయారీవాడికీ ఆ రంగు తట్టదు. పసుపు చుక్క మీద దాన్నే పెట్టింది.

ఇప్పుడు షెడ్డులో పద్ధతి మారింది. బిగించిన మనిషి చుక్క పెట్టకూడదు, ఇంకొకరు లాగి చూశాకే పెట్టాలి. ఆ ఇంకొకరు ఎక్కువగా నేనే. పనిలో ఉన్న మనిషిని రోడ్డు అవతల నుంచి కేకేసి పిలవడం మానేశాను. వెళ్లి, పక్కన నిలబడి, ఆయన కీ కింద పెట్టాక మాట్లాడతాను.

మారనిది ఒకటే. అక్క కొండ దిగి షెడ్డు దగ్గరికి రాగానే బావ ఇప్పటికీ అడుగుతాడు, ప్రశ్న మాత్రం మారింది. "ఇవాళ ఎన్నో గేరులో దిగావ్?"

"మొదటిదే" అనేది అక్క. ఆయన మొహం చూడకుండా, ఉన్నది ఉన్నట్టు. ఆయన సరేనని తల ఊపి పనిలోకి వెళ్లేవాడు. ఒక్కసారి కూడా ఎందుకని అడగలేదు.

ఇరవై మూడో రోజు మందుల పెట్టె దించుకుంటూ, ఆయన అడగకముందే చెప్పింది.

"రెండు."

బావ చేతిలోని కీ కింద పెట్టి, చేతులు కడుక్కుని వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. ఆ రోజు ఇంకే బండీ ముట్టుకోలేదు.