డోల్మా పుస్తకానికి రెక్సిన్ సంచి

సాయంత్రం ఆటోనగర్‌లో స్కూటర్ సీటుకి కొత్త కవరు కుట్టించుకుంటుంటే ఉన్నట్టుండి వాన పడింది. ఎదుటి ఫుట్‌పాత్ మీద ఏటా చలికాలం స్వెటర్లు అమ్మే టిబెట్ శరణార్థి డోల్మా, సరుకంతా తడుస్తున్నా వదిలేసి, ఓ చిన్న పుస్తకాన్ని శాలువాలో చుట్టుకుని కొట్టు చూరు కిందికి పరుగెత్తుకొచ్చింది.

"అదేంటమ్మా, స్వెటర్లొదిలేసి వచ్చేశావు?" అన్నారు కవర్లు కుట్టే మస్తాన్ గారు.

"అవి ఆరేసుకుంటానండీ. ఇది ఈ దేశంలో ఉండటానికి పోలీసులిచ్చిన పుస్తకం, ఏటా ముద్ర వేయించుకోవాలి. నేను పుట్టింది ఈ దేశంలోనే. అయినా ఇది పాడైతే నేనెవరినని చూపించను?"

మస్తాన్ గారు నా సీటు పక్కన పెట్టేసి, లారీ డ్రైవర్లకి కాగితాల కోసం కుట్టినట్టే రెక్సిన్‌తో ఓ సంచి కుట్టారు, డబుల్ కుట్టుతో. పుస్తకానికి అది మరీ వదులైంది.

"ఇంత పెద్దదెందుకండీ?" అన్నాను.

"ముద్రలు పడేకొద్దీ పుస్తకం లావెక్కదూ? ఈవిడ చాలా ఏళ్ళుండాలి కదండీ మనూళ్ళో."

చీకటి పడిపోవడంతో, సీటు లేని స్కూటర్ అక్కడే వదిలేసి బస్సులో ఇంటికొచ్చాను. కోపం రాలేదు.

మీ రేషన్ కార్డు ఎక్కడుందో మీకు గుర్తుందా? నాది గంట నుంచి వెతుకుతున్నాను. దొరక్కపోయినా నన్నెవరూ నువ్వెవరివని అడగరు.