వంతెన మీద అరుణక్క

కాజీపేట వంతెన ఎత్తు మొదలయ్యే చోట నా సైకిలు మోటారు సన్నగా మూలుగుతుంది. పక్కింట్లో కుట్టుమిషను నడుస్తున్నట్టుండే చప్పుడది. ఆ వెంటనే ఎవరో వెనక కారియర్ పట్టుకుని తోస్తున్నట్టు పెడళ్లు తేలికవుతాయి. కింద రైళ్లు ఎంత గోల చేసినా నాకు ఆ మూలుగే వినిపిస్తుంది, అరుణక్క గుర్తొస్తుంది. ఆమె పోయి రెండేళ్లు కావస్తున్నా, అక్కడికి రాగానే వెనక్కి తిరిగి చూడాలనిపిస్తుంది.

అరుణక్క హనుమకొండ చౌరస్తా దగ్గర మ్యాచింగ్ సెంటర్ నడిపేది. నేను అందులో జాకెట్ గుడ్డలు కోసి ఇచ్చేదాన్ని. ట్యూబులైటు కింద చూసిన రంగును నమ్మొద్దనేది ఆమె. గుడ్డనూ చీరనూ పట్టుకుని, కొనడానికి వచ్చినావిడను వెంటబెట్టుకుని రోడ్డు మీది ఎండలోకి నడిచేది. బేరం పోయినా సరే, అక్కడ చూపించాకే కోయమనేది. అలాంటి మనిషి యాభై దాటాక ఎలక్ట్రిక్ సైకిలు కొనేసరికి బజారంతా ముక్కున వేలేసుకుంది. కారు కొనే స్తోమత ఉండి ఇదేం పిచ్చని పక్క షాపుల వాళ్లు ఆటపట్టించేవారు. స్కూటీ కొనుక్కోరాదా అని నేనూ ఒకరోజు అన్నాను.

"స్కూటీ మీదైతే సామాన్ లెక్క కూసునుడే. దీన్ని నేను తొక్కితేనే అది తొక్కుతది. జర ఎత్తు వస్తే చెయ్యేస్తది, గంతే" అంది.

ఆ ఏడు వానల్లో మా ఆయన బండి జారి నా కుడికాలు విరిగింది. ఎముక అతుక్కుంది, ఇక నడవొచ్చని దవాఖానలో చెప్పారు గానీ నాకే నమ్మకం కుదరలేదు. మెట్టు దిగాలన్నా గోడ పట్టుకునేదాన్ని. వంతెన దాటి దుకాణానికి పోయే కిక్కిరిసిన ఆటోలో కాలు ముడుచుకుని కూర్చోవడం తలచుకుంటేనే చెమటలు పట్టేవి. పని మానెయ్యమని ఇంట్లో అందరూ అన్నారు, ప్రేమతోనే. నాకు ఆ పనంటే ప్రాణం. అయినా ఓడిపోయి, మానేస్తున్నానని అక్కకు ఫోన్ చేశాను. ఆమె మర్నాడు పొద్దున తన సైకిలు తెచ్చి మా వాకిట్లో నిలిపింది. గోడకు ఆనించి ఉన్న మా ఆడపడుచు పాత సైకిలును కొంగుతో దులిపింది.

"నువ్వు నాదాని మీద రా, నేను దీని మీద వస్త. పని మానుడు సంగతి దుకాణంల మాట్లాడుదాం."

గల్లీ దాటేదాకా ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకున్నాను. రోడ్డెక్కాక మోటారు అందుకుంది. నెలల తర్వాత ముఖానికి గాలి తగిలి కళ్లలో నీళ్లు తిరిగాయి. వంతెన మీద వెనక్కి చూస్తే అక్క చాలా దిగువన ఉంది. సీటు మీంచి లేచి తొక్కుతూ ఎగపోస్తోంది. నా కోసం వచ్చిన మనిషిని వెనక వదిలేసి పోవడానికి మనసొప్పలేదు. వేగం తగ్గించి, ఆమె పక్కకు రాగానే బటన్ నొక్కి మోటారు ఆపేశాను. సైకిలు ఒక్కసారిగా బరువెక్కింది. కాలు వణికింది, నొప్పెట్టింది, కానీ తొక్కింది.

పైకి చేరాక ఇద్దరం ఆగాం. దమ్ము తీసుకుని ఆమె అడిగింది.

"మోటర్ ఎప్పుడు బంద్ చేసినవ్?"

"నువ్వు పక్కకు వచ్చినప్పుడే అక్కా."

"అయితే సగం బ్రిడ్జి నీ కాలే ఎక్కింది. ఇగ దాని ఫికర్ ఇడిసిపెట్టు."

పని మానే మాట మళ్లీ మా మధ్య రాలేదు. కావాలనే వెనకబడ్డావు కదా, ఆ ఆయాసమంతా నటనే కదా అని తర్వాత ఏళ్ల తరబడి ఆమెను ఏడిపించాను. నవ్వి, గుడ్డలు మడత పెట్టుకునేది. గుండె బలహీనంగా ఉందని డాక్టరు చెప్పాకే ఆ సైకిలు కొన్నదని ఆమె పోయాక వాళ్లాయన చెబితే తెలిసింది. ఆ పొద్దున తనకు అవసరమైన మోటారును నాకిచ్చి, ఆ ఎత్తంతా ఉత్త కాళ్లతో ఎక్కింది. ఆ మాట విన్న రోజు వెక్కివెక్కి ఏడ్చాను. సైకిలును ఆయన నాకే ఇచ్చేశాడు.

ఇవాళ వంతెన ఎక్కుతుంటే, ఆకుకూరల మూట కట్టుకున్న పెద్దాయన ఒకరు నా పక్కన మామూలు సైకిలు తొక్కుతూ వచ్చాడు. బటన్ నొక్కాను. మూలుగు ఆగిపోయింది. ఆయన ఎగపోత, నా ఎగపోత వినిపిస్తుండగా ఇద్దరం పైదాకా కలిసే ఎక్కాం.