కొత్తిమీర కట్టలు కట్టేదాకా

మెహదీపట్నం బస్సు మొయినాబాద్‌లో ఆగగానే ఎవరో కొత్తిమీర మూటతో ఎక్కారు. ఆ పచ్చి వాసనకు, చదువుతున్న మెసేజ్ సగంలో వదిలేసి కిటికీలోంచి మా పాత ఆఫీసు మేడ వైపు చూశాను. యాదగిరన్న పోయి రెండేళ్లవుతోంది.

ఆయన నా మొదటి బాస్, ఎంకపల్లి రైతుబిడ్డ. చుట్టుపక్కల రైతులు ఫోన్‌లో బుక్ చేసుకుంటే, చేవెళ్ల మార్కెట్‌కు వెళ్లే వ్యాన్‌లో వాళ్ల సరుకుకు చోటు దొరికేలా చూడడం మా పని. ఆ బుకింగులు అందుకునే సర్వర్లు ఎక్కడో దూరాన కిరాయికి ఉండేవి. రద్దీ పెరిగితే మరికొన్ని నడపాలి, తగ్గితే ఆపాలి. ఆ బాధ్యత నాకిచ్చారు. నా తెలివి మీద నాకప్పుడు మహా నమ్మకం. ఒక పొద్దున రద్దీ తగ్గగానే ఆరు సర్వర్లలో నాలుగు ఆపేసి, హాయిగా ఇడ్లీ తింటూ కూర్చున్నాను. కాసేపటికి అందరూ ఒక్కసారే బుకింగ్‌కు వచ్చిపడ్డారు. మిగిలిన రెండూ ఆ తాకిడికి మొరాయించాయి. ఆపినవి మళ్లీ లేచేసరికి వ్యాన్ దాటిపోయింది. బుకింగ్ లేని చోట డ్రైవర్ ఆగడు. ఎంకపల్లిలో మల్లమ్మవ్వ కొత్తిమీరంతా రోడ్డు పక్కనే ఉండిపోయింది.

యాదగిరన్న తిట్టలేదు. తిట్టినా బాగుండేది. మర్నాడు తెల్లవారగానే నన్ను బండి మీద ఆ అవ్వ మడి దగ్గరికి తీసుకెళ్లారు. వ్యాన్ వస్తుందో లేదో ఫోన్‌లో చూసుకుని, దాన్ని సంచిలో పెట్టి అవ్వ మడిలోకి దిగింది. కోసి, కట్టలు కట్టి, ఎన్నయ్యాయో తేలాక రోడ్డు మీదికొచ్చి అప్పుడు బుక్ చేసింది. పక్క మళ్లవాళ్లూ అంతే. నాకు రద్దీ తగ్గినట్టు కనిపించింది ఈ కోత వేళే.

"చూసినవా సునీతా? కూలోళ్లు ఛాయ్ తాగనీకి కూసుంటే, పని అయిపోయిందని ఇంటికి పంపుతమా? జర ఆగాలె," అన్నారు.

అవ్వ నా వైపు తిరిగింది. "నిన్న గా బుకింగు ఎందుకు పనిజెయ్యలే బిడ్డా? ఎవరు ఆపిన్రు? మొత్తం వాడిపాయె."

నేను తల దించుకున్నాను.

"నేనే అవ్వా. తప్పు నాదే," అన్నారు యాదగిరన్న, ఆమె మూటకు చెయ్యి వేస్తూ.

సిగ్గుతో చచ్చిపోయాను. ఆ పని ఇక నా చేతిలో ఉండదనుకుని, తిరిగొచ్చే దారిలో అడిగాను. "రేపటి నుంచి సర్వర్లు ఎవరు చూడాలన్నా?"

"నువ్వే. ఇంకెవరు?"

ఇప్పుడు నేను చూసే సర్వర్లకు లెక్కలేదు. నడపడానికి తొందరపడతాను, ఆపడానికి తొందరపడను. ఆయన దగ్గర నేర్చుకున్నది అదొక్కటే అనుకునేదాన్ని. నిన్న మా టీమ్‌లో కొత్తగా చేరిన శైలజ, రద్దీ తగ్గిందని అచ్చం నాలాగే ఆపేసింది. మీటింగులో పైవాళ్లు ఎవరు ఆపారని అడిగితే ఆమె తల దించుకుంది. "నేనే," అన్నాను. ఆలోచించి అన్న మాట కాదది.

బస్సు కదిలింది. సగంలో వదిలేసిన శైలజ మెసేజ్ తెరిచాను. చివర్లో 'సోమవారం నుంచి సర్వర్లు ఎవరు చూస్తారు మేడం?' అని ఉంది.

'నువ్వే. ఇంకెవరు?' అని రాసి పంపాను.